పల్నాటి పుల్లరి: ఒక గడ్డి తగాదా చరిత్ర

డిగ్రీ విద్యార్థులకు ‘మాలపల్లి’ పాఠం చెప్పేటప్పుడు రచయితను గురించి నాలుగు మాటలు చెప్పడం మామూలు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు పల్నాటి పుల్లరి సత్యాగ్రహ సందర్భంలో జైలుకు వెళ్లారనీ, రాయవేలూరు జైలులో 1922లో ఆ నవల రాశారనీ చెబుతాం. పరీక్షలో అడిగితే పిల్లలూ ఆ రెండు వాక్యాలే రాస్తారు, మార్కులూ పడతాయి. కిందటేడు వెనక బల్లమీది కుర్రవాడు ఒకడు లేచి, “పుల్లరంటే యేమిటండీ?” అని అడిగాడు. అడవిలో పశువుల మేతమీద పన్ను అన్నాను. “ఆ గడ్డి యెవరిదండీ?” అన్నాడు.

సాహిత్యం చదువుకున్నవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. కాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన సాహిత్య చరిత్రల్లో, జాతీయోద్యమ చరిత్రల్లో పల్నాటి పోరాటానికి ఒక పేరా దొరుకుతుంది. చీరాల-పేరాల, పెదనందిపాడు, పల్నాడు అని మూడింటినీ ఒక వరుసలో చెప్పి, సహాయనిరాకరణోద్యమానికి ఆంధ్రదేశం అందించిన కానుకలుగా వాటిని కీర్తిస్తారు. గాంధీగారి పిలుపు వచ్చింది, జనం లేచారు, ఇదీ కథ. ఇందులో గడ్డి లేదు, గొడ్డు లేదు, అడవి లేదు. పిలుపు రాకముందు నలభై యేళ్లుగా ఆ జనం దేనికోసం సతమతమవుతున్నారో, పిలుపు వెనక్కు తీసుకున్న తరువాత యేమయ్యారో ఆ పేరాలో కనపడదు. ఆ కనపడని భాగాన్ని కొంతవరకైనా చూడటం యీ వ్యాసం పని.

ముందు మాటతో మొదలుపెడదాం. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. పుల్లరి బ్రిటిషువాడు కనిపెట్టిన మాట కాదు. విజయనగర కాలపు శాసనాల్లోనే మేతమీది పన్నుగా కనిపించే మాట. కాబట్టి, ‘పూర్వం అడవి అందరిదీ, తెల్లవాడు వచ్చి పన్ను వేశాడు’ అని మన వేదికలమీద తరచు వినిపించే వాదం నిలవదు. రాజులూ వేశారు, పాళెగాళ్లూ వేశారు. రైతుల వీపుమీద దెబ్బలకు పూర్వకాలంలోనూ కొదవలేదు. మరి 1921లో కొత్తగా యేం జరిగిందని పల్నాడు రగిలింది? పన్ను పెరిగిందన్నది సగం జవాబు మాత్రమే. పాత పుల్లరి, వాడుకుంటున్నవాడి దగ్గర పాలకుడు రాబట్టిన వాటా. దాన్ని కట్టినవాడికి ఆ మేతమీద హక్కు వుందన్న సంగతిని ఆ వసూలే వొప్పుకుంటుంది. కొత్త పుల్లరి అనుమతి చీటీకి చెల్లించే రుసుము. దాన్ని కట్టినవాడు తనకు హక్కు లేదని తానే వొప్పుకున్నట్టు. పేరు ఒకటే, దాని వెనక ఆస్తి సంబంధం తలకిందులైంది. యీ తలకిందులు కావడం యెలా జరిగిందో చూడాలి.

పల్నాడు మెట్టదేశం. పక్కనే కృష్ణ పారుతున్నా, ఆ నీరు పొలాల్లోకి యెక్కింది నాగార్జునసాగరం వచ్చాకనే. కాలువలకు నీరు వదిలింది 1967లో. అంతకుముందు నల్లరాళ్ల నేల, జొన్నకూడు, వానమీద ఆశ. ఆ జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేర ఇప్పటికీ వాడుకలో వున్నాయి. కడుపునిండిన కొండవీటి ఆస్థానం నుంచి వచ్చినవాడికి ఆ నేలలో రాళ్లే కనపడ్డాయి. ఆ రాళ్లమధ్య జనం బతికింది పశువులమీద. వానలు తప్పిన యేడు పంట పోయినా మంద మిగిలితే మనిషి మిగిలేవాడు. పల్నాటి వీరగాథల్లో ‘మందపోటు’ ఒక ప్రధాన ఘట్టం కావడం యాదృచ్ఛికం కాదు. శత్రువును దెబ్బతీయాలంటే కోటను కాదు, మందను కొట్టాలని అక్కడి కథకుడికి తెలుసు.

ఆ మందలకు ఆధారం మాచర్ల, గురజాల, వినుకొండ ప్రాంతాల అడవులూ, వాటిని ఆనుకుని వున్న నల్లమలా. కాని అడవి మేతకు మాత్రమే కాదు. నాగలికీ, కాడికీ, మేడికీ, బండి ఇరుసుకీ కర్ర అక్కడే. గుడిసెకు వాసాలూ, కప్పుకు బోదా అక్కడే. మాగాణి వున్న చోట పొలంలో తొక్కే ఆకుఎరువు అక్కడే. కమ్మరి కొలిమికి బొగ్గు, కుమ్మరి ఆవానికి కట్టె, మేదరివారికి వెదురు, చాకలి ఉబ్బకు పొయ్యి. మాదిగవాడలో తోలు ఊనడానికి తంగేడు పట్ట కావాలి. అది లేనిదే చెప్పు లేదు, మోట బావికి తోలుతొండం లేదు. కరువు యేట గడ్డలూ, దుంపలూ, సీతాఫలాలూ. ఊరిలోని ప్రతి వృత్తికీ ఒక కొస అడవిలో వుంది. యీ సంగతి యెందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, అడవి సమస్య అనగానే మనకు కొండజాతులే గుర్తుకు వస్తాయి. మైదానపు పల్లెకు కూడా అడవి ఒక ఉత్పత్తి సాధనం. భూమి లేనివాడికి అదే భూమి.

ఇక చట్టం సంగతి. మద్రాసు రాజధానిలో అటవీశాఖ 1856లో మొదలైంది. క్లెగ్‌హార్న్ మొదటి కన్సర్వేటరు. 1864లో భారత ప్రభుత్వం అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా జర్మను అటవీశాస్త్రజ్ఞుడు బ్రాండిస్‌ను నియమించింది. వీరికి అడవిమీద పుట్టిన ప్రేమకు మూలం యెక్కడుందో దాచిన రహస్యమేమీ కాదు. రైలు పట్టాల కింద వేసే దుంగలు కావాలి, ఇంజనులో వేసే కట్టె కావాలి. గుంతకల్లు నుంచి నంద్యాల, వినుకొండ మీదుగా బెజవాడ దిక్కుకు వేసిన మీటర్‌గేజి మార్గం నల్లమలను చీల్చుకుని పోయింది. రైతు పొయ్యిలో పెట్టిన కట్టెను ‘వినాశనం’ అనీ, ఇంజను పొయ్యిలో పెట్టిన కట్టెను ‘శాస్త్రీయ నిర్వహణ’ అనీ పిలవడం అప్పటినుంచే మొదలైంది.

ఇక్కడ ఒక విశేషం వుంది. మన పాఠ్యపుస్తకాలు దీన్ని పట్టించుకోవు. అడవులన్నిటినీ ప్రభుత్వపు ఆస్తిగా ప్రకటించాలన్న ప్రయత్నాన్ని మొదట గట్టిగా యెదిరించినవాళ్లలో మద్రాసు రెవెన్యూ బోర్డు ఒకటి! 1871లో ఆ బోర్డు తేల్చి చెప్పిన మాట సారాంశం ఇది: యీ రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదు, ఆ అడవుల్లో మేతా, కట్టే, ఆకుఎరువూ తీసుకునే హక్కు గ్రామస్థులకు అనాదిగా వుంది, దానిమీద కన్నువేసే హక్కు ప్రభుత్వానికి లేదు. ఉత్తరాదిలో బేడెన్-పావెల్ వంటి అధికారులు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా వాదించారు. జనం అడవిని వాడుకుంటూ వచ్చిన మాట నిజమే కాని అది హక్కు కాదు, పాలకుడు చూసీ చూడనట్టు వదిలేసిన సౌకర్యం మాత్రమే. రాజు రాసి ఇవ్వనిది హక్కు యెలా అవుతుందన్నారు. బ్రాండిస్ యీ ఇద్దరికీ మధ్యన వుండి, గ్రామాలకు వేరే అడవులు కేటాయించాలని చెబుతూ వచ్చాడు. గెలిచింది పావెల్ ధోరణి. 1878 భారత అటవీ చట్టం దాని ఫలితం.

మద్రాసు ప్రభుత్వం 1878 చట్టాన్ని తనకు వర్తింపజేసుకోలేదు. ఇది చూసి రెవెన్యూ బోర్డు దొరలకు రైతుమీద జాలి వుందనుకుంటే పొరపాటు. రైత్వారీ విధానంలో ప్రభుత్వ ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో. యెద్దు లేనిదే దుక్కి లేదు, మేత లేనిదే యెద్దు లేదు. అడవి మూస్తే శిస్తు యెండుతుందని బోర్డుకు తెలుసు. అంటే ఒకే సామ్రాజ్యంలోని రెండు దోపిడీ పద్ధతుల మధ్య వైరుధ్యం ఇది: భూమి శిస్తు ఒకవైపు, కలప వ్యాపారం, రైల్వే మరోవైపు. నా అంచనాలో, బోర్డు వాదంలోని న్యాయం దాని మనసులోనిది కాదు, దాని లెక్కల పుస్తకంలోది. అయినా కాగితంమీద ఆ మాట వుండిపోయింది, ప్రభుత్వమే తన నోటితో అన్నమాటగా.

1881లో బ్రాండిస్ మద్రాసు వచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, 1883 నుంచి అమలైంది. బోర్డు వెనక్కు తగ్గింది. యీ చట్టం పనిచేసే తీరు చూడండి. ఫలానా కొండను రిజర్వు చేయదలచామని ప్రభుత్వం ప్రకటిస్తుంది. సెటిల్‌మెంటు ఆఫీసరు ఒకరు వస్తారు. అక్కడ యెవరికైనా హక్కు వుంటే చెప్పుకొమ్మని మూడు నెలలకు తగ్గని గడువిచ్చి చాటిస్తారు. గడువులో చెప్పుకోని హక్కు, చెప్పుకున్నా రుజువు కాని హక్కు, చచ్చిపోతుంది. చూడటానికి యెంతో న్యాయంగా వుంది. కాని చదువురాని గొల్లవాడు తాతనాటి నుంచి గొర్రెలు తోలుతున్న కొండమీద తనకు హక్కు వున్నట్టు ఏ కాగితం తెస్తాడు? హక్కుకు కాగితం యెవరూ ఇవ్వలేదు, యెందుకంటే యెవరూ అడగలేదు. కాగితాన్ని రుజువుగా పెట్టిన క్షణంలోనే తీర్పు జరిగిపోయింది. మిగతాదంతా తతంగం.

హక్కు పోయాక మిగిలింది అనుమతి. గొడ్డుకింత, గేదెకింత, గొర్రెకింత అని రేటు. మేకను చాలా రిజర్వుల్లోకి రానివ్వలేదు, అది మొక్క మొదలంటా కొరుకుతుందని. వృక్షశాస్త్రం రీత్యా ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని పల్లెలో మేకను పెంచేది యెవడు? ఆవు కొనలేనివాడు. కాబట్టి శాస్త్రం పడ్డది బీదవాడి నెత్తిన. చీటీ లేకుండా పశువు రిజర్వులోకి పోతే గార్డు తోలుకుపోయి బందెలదొడ్డిలో పెడతాడు. దొడ్డి చట్టం 1871 నాటికే సిద్ధంగా వుంది. రిజర్వు హద్దు పొలం గట్టుదాకా వచ్చింది. గొడ్డుకు హద్దురాయి తెలియదు. కోర్టుకు పోకుండా అక్కడికక్కడ రాజీపడి రుసుం కట్టే యేర్పాటు చట్టంలోనే వుంది. ఆ రాజీ రుసుంలో ప్రభుత్వానికి చేరేదెంత, గార్డు జేబుకు చేరేదెంత అన్నది గార్డుకూ రైతుకూ మధ్య సంగతి. అటవీశాఖ పై అధికారి పేరు యే రైతుకూ తెలియదు; వాడికి తెలిసిన బ్రిటిషు సామ్రాజ్యం యీ గార్డే. నెయ్యి, కోడి, పాలు, వెట్టిచాకిరీ వాడి మామూలు.

ఇదే కాలంలో డెల్టాలో మరొక మార్పు జరుగుతున్నది. 1855 నాటికి కృష్ణ ఆనకట్ట పూర్తయి, కాలువల కింద భూమి అంతా వరిచేలుగా మారింది. బీళ్లు పోయాయి, పశువులకు నిలువ నీడలేదు. నాట్ల కాలంలో డెల్టా మందలను నల్లమల దాకా తోలుకువచ్చేవాళ్లు. డెల్టా రైతుకు దుక్కిటెడ్లు కావాలి, వాటిని పెంచేది మెట్ట. అంటే మెట్టలోని అడవిగడ్డి లేనిదే డెల్టాలోని వరి లేదు. ఆంధ్రదేశపు ధాన్యాగారమని మనం మురిసే డెల్టా సౌభాగ్యానికి పల్నాటి, నల్లమల గడ్డి మూగపెట్టుబడి. మేతకు గిరాకీ పెరుగుతున్న ఆ రోజుల్లోనే మేతమీద తలుపు పడింది. యెండిన మెట్ట తాలూకాల్లో మేత రుసుం అటవీశాఖకు మంచి రాబడి కావడంలో ఆశ్చర్యమేముంది?

ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1912లో మద్రాసు ప్రభుత్వం ఒక అటవీ కమిటీని వేసింది. అది జిల్లాలు తిరిగి సాక్ష్యాలు తీసుకుని 1913లో నివేదిక ఇచ్చింది. దిగువ ఉద్యోగుల వేధింపును ఆ నివేదికే వొప్పుకుంది. రైతుల వాడకానికి పనికివచ్చే అడవులను విడదీసి పంచాయతీలకు అప్పగించమన్న సలహా కూడా అప్పటిదే. తరువాత ‘ఫారెస్టు పంచాయతీలు’ వచ్చాయి. కాపలా బాధ్యత పంచాయతీది, వసూలు బాధ్యత పంచాయతీది, యాజమాన్యం మాత్రం సర్కారుది. (1992 తరువాత మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు దీన్ని కొత్త ఆలోచనగా చెప్పుకున్నారు. కొత్తదనం పేరులో వుంది.)

ఇదీ 1921 నాటికి పేరుకుని వున్న మందుగుండు. 1921 మార్చి నెలాఖరున విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగింది. గాంధీగారు వచ్చారు. జనం చూశారు. అయితే విజయవాడ తీర్మానాల్లో పుల్లరి మాట లేదు. సభ్యత్వం, తిలక్ నిధి, రాట్నాలు వున్నాయి. పల్నాటి రైతు ఆ తీర్మానాలను తన భాషలోకి తర్జుమా చేసుకున్నాడు. స్వరాజ్యమంటే అడవిలో గార్డు వుండడని. ఆ వేసవి దాటేసరికి పల్లెల్లో పశువులను చీటీ లేకుండా అడవిలోకి తోలడం, అటవీ, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులను బహిష్కరించడం మొదలైంది. ఊళ్లోకి వచ్చిన ఉద్యోగికి తిండి లేదు, నీళ్లు లేవు, చాకలి లేడు, మంగలి లేడు. జిల్లా కాంగ్రెసువారు పరిస్థితి చూసి రమ్మని ఉన్నవ లక్ష్మీనారాయణగారినీ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులుగారినీ పంపారు. 1921 జూలైలో మాచర్లలో వారిని అరెస్టు చేశారు, ఏడాది శిక్ష పడింది. అంటే ఉన్నవవారు ఉద్యమాన్ని లేవదీయడానికి వెళ్లలేదు. అప్పటికే లేచిన ఉద్యమం దగ్గరికి వెళ్లారు. తరగతిలో మనం చెప్పే రెండు వాక్యాల్లో యీ వరుస తారుమారవుతుంది. నాయకుడు ముందు, జనం వెనక అన్న అలవాటు మనలో అంత బలంగా వుంది.

బహిష్కరణ గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. చాకలినీ మంగలినీ మాన్పించడం గొప్ప ఆయుధమే. కాని ఆ ఆయుధం యెవరిది? ఊరిపెద్దలు ‘వద్దు’ అంటే చాకలి మానాలి, ‘చెయ్యి’ అంటే చెయ్యాలి. సర్కారును యెదిరించిన ఆ బలం కులవృత్తుల కట్టుబాటునుంచి వచ్చిందే. పోలీసు దెబ్బ పడితే మొదట పడేదీ వాళ్లమీదే. మన అభ్యుదయ విమర్శకులు కొందరు పల్నాటి పోరాటాన్ని ‘సమస్త గ్రామ ప్రజల ఐక్యత’గా వర్ణించి వదిలేస్తారు. ఐక్యత నిజమే, కాని అందులో మెట్లు వున్నాయి. వంద గొడ్లున్న ఆసామికీ, రెండు మేకలున్న కూలికీ పుల్లరిమీద కోపం ఒకటే. లాభం ఒకటి కాదు. నల్లమల లోపలి చెంచులకు గడ్డిమీద పన్ను అసలు సమస్యే కాదు, అడవే పోవడం సమస్య. వారు యీ కథలో యెక్కడా కనపడరు. పుల్లరి కోసం జైలుకు వెళ్లిన ఉన్నవవారు జైలులో కూర్చుని రాసింది ఆసామి కథ కాదు, మాలపల్లి రామదాసు కుటుంబం కథ అన్న సంగతి యీ వెలుగులో చూస్తే కొత్తగా తోస్తుంది. పల్నాడులో చూసినదానికీ, ఆ నవలకూ సూటి సంబంధం వున్నదని నేను రుజువు చేయలేను. కాని గ్రామమంటే ఒకటి కాదని తెలిసినవాడు రాసిన నవల అది. ప్రభుత్వానికి కూడా అది అర్థమైనట్టే వుంది. ఆ పుస్తకాన్ని నిషేధించింది.

ఆ యేడాది చివరికి పెదనందిపాడులో శిస్తు నిరాకరణ పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వాన బిగిసింది. గుంటూరు జిల్లా అంతా ప్రభుత్వానికి కంటిమీద కునుకు లేకుండా చేసింది. కలెక్టరు రూథర్‌ఫర్డు, ఇదే దొరను తరువాత 1924లో అల్లూరి సీతారామరాజును అణచడానికి మన్యం పంపించారు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరా జరిగింది. 12వ తేదీకల్లా బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం సామూహిక శాసనోల్లంఘనను నిలిపివేసింది. ఆ తీర్మానంలో హింసను ఖండించే భాగం గురించి అందరూ మాట్లాడతారు. రైతులు ప్రభుత్వానికి శిస్తులు కట్టవలసిందనీ, జమీందార్ల చట్టబద్ధమైన హక్కులమీద దాడిచేయడం కాంగ్రెసు ఉద్దేశం కాదనీ చెప్పే భాగాలు కూడా అందులోనే వున్నాయి. జమీందారుకు భరోసా దొరికింది. గొడ్లు తోలిన రైతుకు యేమీ దొరకలేదు.

బార్డోలీ తీర్మానం జరిగి పక్షం రోజులు తిరక్కముందే, ఆ ఫిబ్రవరి ఆఖరులో, మించాలపాడు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. కన్నెగంటి హనుమంతు చనిపోయాడు. స్థితిగతులున్న రైతు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో పుల్లరి కట్టకుండా జనాన్ని నిలబెట్టినవాడు. పశువులను పట్టుకోవడానికి బలగం రావడం, జనం అడ్డుపడటం, తుపాకులు పేలడం, అంతే. గాయాలతో పడివున్న మనిషి దాహమంటే నీళ్లు పోయనివ్వలేదని పల్నాడులో చెప్పుకుంటారు. ఉద్యోగులకు నీళ్లివ్వని బహిష్కరణకు అది ప్రతీకారమా, లేక జనం కథలో అలా కుదిరిందా అన్నది వేరు ప్రశ్న. కథ ఆ విషయాన్ని మరిచిపోలేదన్నదే నాకు ముఖ్యం.

హనుమంతు మరణం 1920 ఫిబ్రవరిలో అని కొన్ని పుస్తకాల్లోనూ, ప్రసంగాల్లోనూ వినిపిస్తుంది. అది కుదరదు. 1920 ఫిబ్రవరికి సహాయనిరాకరణ ప్రారంభమే కాలేదు. పల్నాటి బహిష్కరణ 1921 వేసవి తరువాతిది. తేదీల పట్టింపు చాదస్తమని కొట్టిపారేయవద్దు. 1920 అనుకుంటే హనుమంతు ఉద్యమానికి తొలి అమరుడవుతాడు, దండ వేయడం సులువు. 1922 అనుకుంటే, ఉద్యమం ఆగిపోయిందని పైవాళ్లు ప్రకటించాక కూడా ఆగని రైతు అవుతాడు. అప్పుడు దండ వేసేవాళ్లకు కొంచెం ఇబ్బంది.

పల్నాడు ఒంటరి ఉదాహరణ కాదు. 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు వెనక కల్లుమీది పన్నూ, అబ్కారీ గుత్తదార్లూ, మునసబుదారు దోపిడీ వున్నాయి. జీలుగు చెట్టు తమదే అనుకున్న కోయ, కొండరెడ్డి జనానికి, దాన్ని గీసుకోవడానికి రుసుం కట్టమన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం పల్నాటి గొల్లవాడి ఆశ్చర్యం వంటిదే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద వరుసగా జరిగిన దాడుల వెనక పోడుమీద ఆంక్షలూ, ఘాటురోడ్డు పనిలో కూలి యెగవేతా వున్నాయి. 1940లో నిజాం రాజ్యంలో జోడేఘాట్ దగ్గర కుమురం భీము చనిపోయిందీ అడవిలో సాగుచేసుకున్న భూమి కోసం, మేతపన్నుకు వ్యతిరేకంగా. అయితే పోలికలను మరీ లాగకూడదు. మన్యంలో ముఠాదారులున్నారు, ఆదిలాబాదులో గోండు రాజుల జ్ఞాపకం వుంది; అక్కడ పోయింది హక్కు ఒక్కటే కాదు, రాజ్యం. పల్నాటి రైతుకు ఆ జ్ఞాపకం లేదు. వాడిది రోజువారీ తగాదా. ఆదిలాబాదు తిరుగుబాటు మీద నిజాం ప్రభుత్వానికి భయం పుట్టి, భీము మరణం తరువాత హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి పరిశీలన చేయించింది, కొన్ని భూములకు పట్టాలూ వచ్చాయి. పల్నాటికి ఏ పరిశీలకుడూ రాలేదు. గిరిజనుడు కానివాడి అడవి హక్కు గురించి ఆలోచించే అలవాటు ప్రభుత్వానికి లేదు, నిజం చెప్పాలంటే మనకూ లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. సీతారామరాజు సహచరుడు గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు యెన్నికయ్యాడు. అటవీ చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. 1882 మద్రాసు చట్టమూ, హైదరాబాదు రాజ్యపు చట్టమూ రద్దయి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. ప్రకటన, సెటిల్‌మెంటు ఆఫీసరు, గడువు, చచ్చిపోయే హక్కు, అన్నీ యథాతథం. తెల్లదొర స్థానంలో నల్లదొర అన్న పాత నినాదం నాకంత ఇష్టం లేదు, అది సులువైన మాట. కాని 1882 సెక్షన్లనూ 1967 సెక్షన్లనూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి మరో మాట దొరకడం కష్టం.

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. ‘చారిత్రక అన్యాయం’ అన్న మాట దాని పీఠికలోనే వుంది. అందులో సాగుభూమికి వ్యక్తిగత హక్కు వుంది. దానితోబాటు మేతకూ, అటవీ ఫలసాయానికీ, సంచార పశుపాలకుల వాడకానికీ సామూహిక హక్కు కూడా స్పష్టంగా రాసి వుంది. 1871లో రెవెన్యూ బోర్డు అన్నది నూట ముప్పై అయిదేళ్లకు చట్టంలోకి వచ్చిందన్నమాట. అమలులో యేమైంది? పట్టాలన్నవి వ్యక్తులకే యెక్కువగా అందాయి. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాదులో మొదలుపెట్టి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు భూమికి పట్టాలు పంచింది, మంచిదే. పట్టా చేతికి వచ్చిన రైతు ఫోటో పత్రికలో వస్తుంది. ఊరంతటికీ వచ్చే మేత హక్కుకు ఫోటో యెలా తీస్తారు? ఓటు కూడా దానికి సరిగ్గా రాలదు. అందుకే ప్రభుత్వాలకు అదంటే ఉత్సాహం లేదు. మన రైతు సంఘాలు, విద్యార్థి సంఘాలు కూడా పోడు పట్టా కోసం చేసినన్ని ధర్నాలు మేత కోసం చేయలేదని వొప్పుకోవాలి.

ఆ చట్టంలోనే గిరిజనేతరులకు మరొక గుమ్మం పెట్టారు. 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే డెబ్బయి అయిదేళ్లు, ఆ అడవిని ఆధారం చేసుకుని బతికినట్టు చూపాలి. లెక్కవేస్తే 1930 దాకా పోతుంది. పల్నాటి పల్లెలో గొర్రెలు తోలేవాడు తన తాత 1930లో అదే కొండమీద మేపాడని ఇప్పుడు చూపాలి. మళ్లీ కాగితం! 2019 ఫిబ్రవరి 13న దరఖాస్తులు తిరస్కరించబడ్డవారిని అడవినుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చి, దేశమంతా గగ్గోలు పుట్టాక 28న దాన్ని నిలిపివేసినప్పుడు, ఆ రెండు వారాల్లో లక్షల కుటుంబాల బతుకు వేలాడింది యీ కాగితంమీదే.

చట్టం కింద చేసిన నియమాల్లో ఏయే కాగితాలు రుజువుగా పనికివస్తాయో ఒక జాబితా వుంది. ప్రభుత్వ రికార్డులూ, కోర్టు ఉత్తర్వులూ, తీర్పులూ అందులో వున్నాయి. అంటే ఆ కాలంలో చీటీ లేకుండా అడవిలో గొడ్డు మేపినందుకు తాతమీద పడ్డ కేసుకు తీర్పు కాగితం ఏ రికార్డు గదిలోనైనా చెదలు పట్టకుండా మిగిలివుంటే, ఆ తాత అక్కడ మేపాడనడానికి మనవడికి అదే రుజువు. నా ప్రశ్న అడిగిన కుర్రవాడికి యీ సంగతి చెప్పాను. వాడిది వినుకొండ అవతలి పల్లె. వాళ్ల పెద్దవాళ్లను అడిగి వస్తానన్నాడు. వచ్చాడు. తాతకు జరిమానా పడిందట, రెండుసార్లు. కాగితం మాత్రం ఇంట్లో లేదు. గుంటూరు రికార్డు గదిలో వెతకాలంటే దరఖాస్తు యెవరికి పెట్టుకోవాలని అడిగాడు.